34 గంటల శనివారం: అమ్మతో బిజినెస్ క్లాస్‌లో డల్లాస్ పోయొచ్చిన నా అనుభవం

మేము డల్లాస్ నుంచి తిరుపతికి తిరిగొచ్చి వారం అయింది. అమ్మ కాళ్ళ వాపు ఇప్పుడిప్పుడే దిగుతా ఉంది. పోయేటప్పుడు బిజినెస్ క్లాస్‌లో పోయినాం, వచ్చేటప్పుడు ఎకానమీలో వచ్చినాం, కాబట్టి రెండిటికీ ఉన్న తేడా ఆమె మోకాళ్ళే చెప్తున్నాయి. ఆఫీసులో, వీధిలో, చుట్టాల్లో అందరూ అడిగేది ఒకటే, ఎట్లుంటుంది, ఎంతైంది, పెద్దవాళ్ళని తీసకపోవచ్చా అని. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే మొత్తం రాసి పెడుతున్నా.

అమ్మకి 69 ఏళ్ళు. షుగరుంది, బీపీ ఉంది, రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. ఆపరేషన్ మాటెత్తితే "స్వామి నడిపించినన్ని రోజులు నడుస్తా" అంటుంది. తమ్ముడు డల్లాస్‌లో ఇల్లు కొని రెండేళ్ళయింది, ఆమె ఇంకా గడప తొక్కలేదు. "అన్ని గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే నేను దిగేటప్పుడు నన్ను మోసుకుని దించాల" అని ప్రతిసారీ వాయిదా వేసేది. చివరికి వాడే, నువ్వు పడుకుని వచ్చేటట్టు చేస్తాలే అన్నాడు.

డబ్బు పెట్టి కొనాలంటే మావల్ల అయ్యేది కాదు. వాడికి అక్కడ క్రెడిట్ కార్డుల మీద పాయింట్లు వస్తాయి, నాలుగేళ్ళుగా కూడబెట్టినాడు. వాటిని విమానం కంపెనీ మైల్స్ కింద మార్చి టికెట్ తీసుకోవచ్చు, కానీ ఒకసారి మార్చినాక వెనక్కి రావు, అందుకని సీటు కంటికి కనపడినాకే మార్చాలంట. ఆ సీట్లేమో ఒక విమానంలో ఒకటో రెండో వదులుతారు, ఒకటి దొరికితే రెండోది దొరకదు, డిసెంబర్ నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు అదే పనిగా చూసేవాడు. ఫిబ్రవరి 3 పొద్దున్నే నాకు ఫోన్. "అక్కా, రెండు సీట్లు పడినాయి, సెప్టెంబర్ 27, చెన్నై నుంచి దోహా, దోహా నుంచి డల్లాస్, పది నిమిషాల్లో చెప్పు." నేను క్యాలెండర్ కూడా చూడకుండా వేసెయ్ అన్నా. ఇద్దరికీ కలిపి రెండు లక్షలకి కొంచెం తక్కువ పాయింట్లు పోయినాయి, పైన టాక్సులు 31 వేలు కట్టినాడు. అవే సీట్లు డబ్బుకైతే ఆరోజు ఒకరికి, ఒకవైపుకే రెండు లక్షల 60 వేలు చూపించింది. తిరుగు ప్రయాణానికి పాయింట్లు మిగల్లేదు, ఎకానమీ ఒక్కొక్కటి 68 వేలు పెట్టి నేనే కొన్నా.

క్యాలెండర్ చూడకపోవడం నా తప్పే. సెప్టెంబర్ 27 శనివారం, అందులోనూ స్వామికి ముఖ్యమైన పెరటాసి నెల శనివారం. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చినాక ఇంకోటి బయటపడింది, అది సరిగ్గా బ్రహ్మోత్సవాల మధ్యలో, మర్నాడే గరుడసేవ. అమ్మ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "ఊరంతా తిరుపతికి వస్తా ఉంటే మనం తిరుపతి ఇడిసిపెట్టి పోతామా" అని. శనివారం ఒక్కపొద్దు ఆమెకి పెళ్ళైనప్పటి నుంచి ఉంది, షుగరు వచ్చినాక డాక్టరు తిట్టినా మానలేదు, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక పూట భోజనం, రాత్రికి పండ్లు, అంతే. విమానంలో అయినా అంతేనా అంటే, విమానం ఏమన్నా స్వామి కంటే పైన పోతుందా అనింది.

భోజనం గురించి ఒక ముఖ్యమైన మాట, ఇది చాలామందికి తెలీదు. టికెట్‌లో మీల్ ఎంచుకోమని వస్తుంది కదా, నేను ఆగస్టులో ఇద్దరికీ 'హిందూ మీల్' అని నొక్కేసినా, హిందూ అంటే మనదే కదా అనుకుని. తమ్ముడు చూసి అరిచినాడు, హిందూ మీల్‌లో ఆవు మాంసం ఉండదంతే, కోడి, చేప, మేక ఉండొచ్చు! శాకాహారం కావాలంటే 'ఏషియన్ వెజిటేరియన్' అని పెట్టాలి. కనీసం ఒకరోజు ముందే మార్చుకోవాలి. శనివారం పూట అమ్మ ముందు కోడికూర ప్లేటు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

సామాను బిజినెస్‌లో మాకు ఒక్కొక్కరికి రెండు పెట్టెలు, పెట్టెకి 32 కేజీలు ఇచ్చినారు, ఎకానమీలో 23. నాలుగు పెట్టెలకి 128 కేజీలు అని తెలిసేసరికి అమ్మకి ఉత్సాహం ఆగలేదు. మామిడికాయ ఊరగాయ, గోంగూర, పప్పుల పొడి, మురుకులు, చింతపండు, కోడలికి చీరలు, మనవడికి వెండి మొలతాడు. తూకం మిషన్ 450 రూపాయలు పెట్టి కొన్నా, దానంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. ఎండు కొబ్బరి పెట్టెలో వేయకూడదు, నూనె ఉంటుంది కాబట్టి మంట అంటుకుంటుందని ఒప్పుకోరు, అమ్మ అర కేజీ కట్టి పెట్టింది, తీసేసినా. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, అదీ తీసేసినా. లడ్లు మాత్రం నా చేతిసంచిలోనే, అమ్మ పెట్టెలో వేయనివ్వలేదు.

26 శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి బయలుదేరినాం. బ్రహ్మోత్సవాల జనం ఎదురొస్తా ఉన్నారు, రేణిగుంట దాటేదానికే ముక్కాలు గంట పట్టింది. కారు 5,500, టోల్ వేరే. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయినాం, తిరుత్తణి దగ్గర దిగి అమ్మ పావుగంట నడిచింది. విమానం తెల్లవారుజామున నాలుగు గంటలకి, మేము పన్నెండుంపావుకి చెన్నై ఎయిర్‌పోర్టులో దిగినాం. అంటే శనివారం మొదలైపోయింది. అమ్మ కారులోనే పదకొండు యాభైకి రెండు ఇడ్లీలు తినేసి నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది.

చెక్-ఇన్ దగ్గర ఎకానమీ లైను పాములాగా మెలికలు తిరిగి ఉంది, మా కౌంటర్ దగ్గర ముగ్గురే. వీల్‌చైర్ ముందే అడిగి పెట్టినాం, అది టికెట్ క్లాసుతో పని లేకుండా ఎవరికైనా ఇస్తారు, దానికి డబ్బు లేదు, పెద్దవాళ్ళతో పోయేవాళ్ళు సిగ్గు పడకుండా అడగండి. అమ్మ ముందు "నేను కుంటిదాన్నా" అని ముఖం ముడుచుకుంది గానీ ఇమిగ్రేషన్ దగ్గర లైను చూసినాక గట్టిగా కూర్చుంది. లాంజ్‌లో, అంటే బిజినెస్ వాళ్ళు విమానం దాకా కూర్చునే చోట, రాత్రి ఒంటిగంటకి వేడి ఇడ్లీ, పొంగలి, దోసె, ఏవేవో కేకులు. అమ్మ కాఫీ మాత్రం తీసుకుంది. కాఫీ ఒక్కపొద్దుకి అడ్డం రాదు, అది మా ఇంట్లో చట్టం. నేను తింటా ఉంటే "బాగుందా పొంగలి" అని నాలుగుసార్లు అడిగింది.

విమానంలో కూర్చోగానే ఒక అమ్మాయి వేడి టవల్ చిన్న ప్లేటులో పెట్టి ఇచ్చింది. అమ్మ దాన్ని తీసుకుని ముఖం తుడుచుకుని, నాలుగు మడతలు పెట్టి, చేతిలో పట్టుకుని కూర్చుంది. తిరిగి ఇవ్వాలా, ఉతికి ఇవ్వాలా అని ఆమె అనుమానం. తర్వాత వైన్ గ్లాసులో యాపిల్ రసం వచ్చింది. అమ్మ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, నాకిచ్చి నన్ను వాసన చూడమనింది, నేను తాగి చూపించినాక కూడా తాగలేదు, "గ్లాసే బాగలేదు" అని. మా రెండు సీట్లకి మధ్యలో గోడ లాంటిది ఉంది, అది కిందికి దిగుతుందని మాకు తెలీదు, టేకాఫ్ అప్పుడు అమ్మ గోడ మీద టకటక కొడతా "పాపా, ఉండావా" అని పిలుస్తా ఉంది. నేను లేవకూడదు, బెల్టు పెట్టుకున్నా. ఇవతల నుంచి నేనూ కొట్టినా. మొదటి విమానం ఆమెకి, చెయ్యి పట్టుకుందామంటే అన్ని లక్షల సీటులో చెయ్యి అందదు. గాల్లోకి పోయినాక ఆ అమ్మాయిని అడిగితే ఒక్క నొక్కుతో గోడ దించేసింది. ఎక్కంగానే అడగండి.

దోహాలో స్థానిక టైము ఆరు. రెండు గంటల్లో రెండో విమానం. అక్కడ వీల్‌చైర్ అతను మమ్మల్ని ఒకచోట దించి, వస్తానని చెప్పి పోయినాడు, ఇరవై నిమిషాలైనా రాలేదు. నేను రెండుసార్లు కౌంటర్‌కి పోయి గుర్తు చేయాల్సి వచ్చింది. బిజినెస్ క్లాస్ ట్యాగ్ చూపించినా అక్కడ అందరికీ ఒకటే మాట, వెయిట్ మేడమ్. ఎయిర్‌పోర్టు మధ్యలో పెద్ద పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంది, తలలో దీపం గుచ్చినట్టు, అమ్మ దాన్నే చూస్తా "పాపం దాని తలకేమైంది" అనింది. అమెరికా పోయే విమానానికి గేటు దగ్గర ఇంకోసారి చెకింగ్ ఉంటుంది, లడ్ల సంచి విప్పి చూసినారు, ఒకతను వాసన చూసి నవ్వినాడు. లాంజ్ చూసే టైమే లేకపోయింది.

ఇంక అసలు ప్రయాణం, 16 గంటలు. ఈ విమానంలో సీటు చుట్టూ గది లాగా ఉంది, తలుపు కూడా ఉంది. పైజామా, చొక్కా, చిన్న సంచిలో క్రీములు ఇచ్చినారు. అమ్మ చీర మార్చే ప్రశ్నే లేదు కాబట్టి ఆ పైజామా ఇప్పుడు మా ఆయన వేసుకుని తిరుగుతున్నాడు. గడియారం నేను ఇండియా టైములోనే ఉంచినా, అమ్మ మాత్రల కోసం, ఇది అందరికీ చెప్తా, మాత్రలు వేసుకునేవాళ్ళతో పోతే ఒక వాచీ మన టైములో ఉంచండి, లేకుంటే పొద్దున మాత్ర ఏదో రాత్రి మాత్ర ఏదో కలిసిపోతాయి.

నాకు బిజినెస్ క్లాస్‌లో నచ్చినవన్నీ ఒకెత్తు, భోజనం మనం అడిగినప్పుడు తెస్తారు అనేది ఒకెత్తు. మా చుట్టూ అందరూ ఎక్కిన గంటకే తింటున్నారు. నేను ఆ అమ్మాయికి వచ్చీరాని ఇంగ్లీషులో, మా అమ్మ ఇవాళ ఒక్కసారే తింటుంది, తిరుపతిలో ఒంటిగంట అయినప్పుడు తెచ్చివ్వండి అని చెప్పినా. ఆమె నా వాచీ చూసి, తన వాచీ చూసి, వేలు మడిచి లెక్క పెట్టుకుని పోయింది. సరిగ్గా ఒంటిగంటకి తెల్లగుడ్డ పరిచి, అన్నం, పప్పు, పన్నీరు కూర, పెరుగు తెచ్చింది. అమ్మ పర్సులోంచి చిన్న పొట్లం తీసింది, పప్పుల పొడి, నాకు కూడా తెలీకుండా పెట్టుకుంది. అంత మంచి పింగాణీ ప్లేటులో అన్నంలో పొడి కలుపుకుని, చేత్తో, నిదానంగా తినింది. చెంచాలు ఫోర్కులు మడత పెట్టిన గుడ్డలో అట్లనే ఉండిపోయినాయి.

తిన్నాక పడుకోమని సీటు పూర్తిగా మంచం చేసి, పరుపు పరిచి ఇచ్చినారు. అమ్మ కూర్చుని ఎదురుగా టీవీలో మ్యాప్ చూస్తా ఉంది, పడుకోలేదు. ఏమ్మా అంటే, "ఉత్తరం ఎటు?" అనింది. మా సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయి, కొన్ని ముందుకి కొన్ని వెనక్కి ఉంటాయి ఆ విమానంలో, కాబట్టి పడుకుంటే తల విమానం ముక్కు వైపు. విమానమేమో నేరుగా పైకి, ఉత్తరానికి పోతా ఉంది. ఉత్తరం వైపు తల పెట్టి పడుకునేది లేదు అని ఖరాఖండిగా చెప్పింది. నాలుగేళ్ళు కూడబెట్టిన పాయింట్లు, రెండు నెలలు రాత్రిపూట వెతికిన సీటు, దిక్కు బాగలేదంట! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చివరికి ఆమే దారి చెప్పింది. సీటు పూర్తిగా వాల్చకుండా ముక్కాలు వాలిస్తే అది కూర్చున్నట్టే లెక్క, పడుకున్నట్టు కాదు. అట్ల కాళ్ళు చాపుకుని, దుప్పటి కప్పుకుని ఐదు గంటలు కునుకు తీసింది. నేను ఉత్తరం దక్షిణం చూడకుండా పడుకున్నా, లేచేసరికి నా వైపు చూసి లెంపలేసుకుంటా ఉంది.

మన టైము రాత్రి ఎనిమిదికి అరటిపండు, ద్రాక్ష, పాలు. కిటికీల్లో ఇంకా పగలే. విమానం గ్రీన్‌లాండ్ దాటి కెనడా మీదికి వచ్చి కిందికి తిరిగింది, మ్యాప్‌లో బాణం ముక్కు దక్షిణానికి తిరగడం అమ్మే ముందు చూసింది. "ఇప్పుడు పూర్తిగా పరువమను" అనింది. పడుకున్నాక నాలుగు గంటలు కదల్లేదు. నేను మధ్యలో లేచి చూస్తే కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు నేరుగా పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్ర. ఇంట్లో కూడా ఆమె అట్ల కాళ్ళు చాపుకుని పడుకుని చాన్నాళ్ళయింది, మోకాళ్ళ కింద దిండు లేకుండా పడుకోలేదు. తమ్ముడికి ఒక ఫోటో తీసి పెట్టినా.

దిగే ముందు మళ్ళీ భోజనం వచ్చింది. మన వాచీలో పన్నెండున్నర, ఆదివారం వచ్చేసింది. బయట ఎండ, డల్లాస్‌లో ఇంకా శనివారం మధ్యాహ్నం రెండు. అమ్మ తినకుండా ఆలోచనలో పడింది. "ఈ శనివారం ఎప్పటికి అయిపోతుందే పాపా?" నేను లెక్క కట్టినా, మనకి మొదలైనప్పటి నుంచి అక్కడ అర్ధరాత్రి దాకా 34 గంటల 30 నిమిషాలు. షుగరు మనిషి, అంతసేపు ఉండలేదు. కాసేపు అయినాక ఆమే తేల్చింది, "స్వామి ఉండేది కొండ మీద. ఆయన గడియారమే లెక్క." చపాతీ తుంచుకుని తినింది, రెండో చపాతీ కూడా అడిగింది.

డల్లాస్‌లో సాయంత్రం నాలుగుకి దిగినాం. విమానం దిగినాక బిజినెస్ క్లాస్ అనేది ఎవరికీ పట్టదు, ఇమిగ్రేషన్‌లో అందరితో పాటే. వీల్‌చైర్ వల్ల పక్క లైనులో పంపినారు, అయినా 50 నిమిషాలు. ఎన్నాళ్ళు ఉంటారు, ఎవరి ఇంటికి, తిండి ఏమన్నా ఉందా అని అడిగినారు. ఉంది అని ఊరగాయ, స్వీట్లు అన్నీ చెప్పేసినా, దాస్తేనే జరిమానా, చెప్తే చూసి, రానివ్వనిది ఉంటే తీసేసుకుని వదిలేస్తారు. వీల్‌చైర్ తోసినామెకి పది డాలర్లు ఇవ్వాలని తమ్ముడు ముందే చెప్పినాడు, విడిగా చేతిలో పెట్టుకోండి. ప్రయారిటీ అని ఆరెంజ్ ట్యాగ్ కట్టిన నాలుగు పెట్టెల్లో మూడు ముందొచ్చినాయి, ఊరగాయలున్న నాలుగోది బెల్టు ఖాళీ అయ్యేదాకా రాలేదు. బయట తమ్ముడు అమ్మ వీల్‌చైర్లో రావడం చూసి ముఖం పాలిపోయింది, వాణ్ణి చూడంగానే ఆమె లేచి నడిచింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి మన గరుడసేవ టైము. అమ్మ నాలుగు నుంచే మేలుకుని కూర్చుని ఉంది, తమ్ముడు టీవీలో భక్తి ఛానల్ లైవ్ పెట్టినాడు. మాడవీధుల్లో గరుడ వాహనం కదలంగానే ఆ హాల్లో కార్పెట్ మీద, వద్దంటున్నా, ఆ మోకాళ్ళతోనే వంగి దండం పెట్టింది.

టికెట్ ధర సంగతి మేం చెప్పలేదు. పాయింట్లంటే ఊరికే వచ్చేవి అని చెప్పి పెట్టినాం. రెండో వారం తమ్ముడి ఇంటికి వచ్చిన ఒకామె, ఆంటీ బిజినెస్‌లో వచ్చినారంట కదా, రెండున్నర లక్షలుంటుంది ఒక టికెట్ అనేసింది. అమ్మ ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. పడుకునే ముందు నా దగ్గరికి వచ్చి "ఆ పాయింట్లు అమ్ముకుంటే ఎంతొచ్చేదే? ఇద్దరివీ కలిపితే మన చేన్లో ఇంకో బోరు పడేది గదా" అనింది.

తిరుగు ప్రయాణం అక్టోబర్ 17 శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి. దాని గురించి ఎక్కువ రాసేదేం లేదు, అందరికీ తెలిసిందే. వెనక వరస, అమ్మకి నడవ పక్క సీటు, పద్నాలుగున్నర గంటలు. రెండు గంటలకోసారి లేపి నడిపించినా, ముందు సీటు వాలిస్తే ఆమె కాలు తీయడానికి నేను లేచి నిలబడాల. మళ్ళీ శనివారమే, కానీ భోజనం వాళ్ళ టైముకి వచ్చింది, మన పొద్దున ఆరున్నరకి. మన ఒంటిగంటకి విమానమంతా చీకటి, అందరూ నిద్ర. మరదలు కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసి, ఫోను వెలుతురులో తినిపించినా. ఒక్కటి మాత్రం చెప్పాల, నా భుజం మీద తల పెట్టుకుని కూర్చుంది దారంతా, గోడ కొట్టే పని లేకపోయింది. దోహాలో దిగేసరికి చెప్పులు పట్టలేదు, పాదాలు అంత ఉబ్బినాయి. ఆదివారం తెల్లవారుజామున మూడుకి చెన్నై, తిరుపతి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. సోమవారం దీపావళి, అమ్మ మంచం దిగకుండానే దీపాలు ఎక్కడ పెట్టాలో చెప్తా ఉంది.

నిన్న తమ్ముడు వీడియో కాల్ చేసినాడు. కాళ్ళు చూపించమన్నాడు, చూపించింది. వచ్చే ఏడాదికి మళ్ళీ పాయింట్లు చేరుతాయి, ఈసారి రెండువైపులా అట్లనే వేస్తా అన్నాడు. నేను బోరు మాట వస్తుందని ఎదురు చూస్తా ఉన్నా. అమ్మ కాలికి నూనె రుద్దుకుంటా, "శనివారం కాకుండా చూడు. ఆ సీటు ముందుకి తిరిగి ఉండేది చూడు" అనింది.